గుండెపోటు, పక్షవాతం రాకముందే ఆపే రూల్స్ కోసం గవర్నమెంట్‌ని అడగడం ఎలా

నాన్నకి స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు, డిశ్చార్జ్ చేసే రోజు డాక్టరు గారు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసిచ్చారు. ఉప్పు తగ్గించండి, పొగ మానండి, రోజూ నడవండి, బీపీ మందు ఆపొద్దు. నాలుగూ నిజమే, ఒక్కటి కూడా తప్పు పట్టలేం. ఇంటికొచ్చాక వంటలో ఉప్పు సగం చేసేశాం, కానీ ఒకరోజు కూర్చుని ఇంట్లో ఉన్న ప్యాకెట్ల వెనకాల రాసి ఉన్న సోడియం (ఉప్పులో ఉండేది అదే) అంతా కూడితే, మేం తగ్గించినదానికంటే ఎక్కువ ఉప్పు వాటిలోనే ఉంది. అది ఫ్యాక్టరీలో కలిపి పంపించింది, మనం ఏం చేసినా బయటికి తీయలేం. నడవమన్నారు, రోడ్డు పక్కన నడవడానికి జాగా లేదు. మందు ఆపొద్దన్నారు, ఆరోగ్య కేంద్రానికి వెళ్తే స్టాక్ లేదు వచ్చే వారం రండి అన్నారు, వచ్చే వారం వెళ్తే మళ్లీ అదే మాట. అప్పుడు నాకు తట్టింది ఏంటంటే, ఆ కాగితంలో ఉన్న పనుల్లో సగం నాన్న చేతిలోనే లేవు, ఎక్కడో ఒక ఆఫీసులో ఫైలు మీద సంతకం పెట్టేవాళ్ల చేతిలో ఉన్నాయి. ఆ సంతకం కోసం ఎలా అడగాలి అనేది కొంతమందిమి కలిసి కొన్నేళ్లుగా చేస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నాం, అదే ఇక్కడ రాస్తున్నా. దీనికి మీరు డాక్టరో లాయరో అయ్యుండక్కర్లేదు.

ముందు మీకు మీరు క్లియర్‌గా ఉండండి

అడగడానికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్నే "ఇది ఎవరి ఆరోగ్యం వాళ్లు చూసుకోవాల్సిన విషయం కదా, గవర్నమెంట్ ఏం చేస్తుంది" అని వస్తుంది, దానికి మీ దగ్గర జవాబు లేకపోతే మీటింగ్ అక్కడే అయిపోతుంది. కాబట్టి కొన్ని అంకెలు నోటికి వచ్చేలా పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) లెక్క ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో ప్రపంచం మొత్తం మీద దాదాపు 1.79 కోట్ల మంది చనిపోయారు, అంటే ఆ ఏడాది చనిపోయిన ప్రతి 100 మందిలో 32 మంది. ఆ మరణాల్లో 85 శాతం గుండెపోటు, స్ట్రోక్ ఈ రెండింటివల్లే. నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ మరణాలు తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం ఉన్న దేశాల్లో జరుగుతున్నాయి, కాబట్టి ఇది డబ్బున్నోళ్ల జబ్బు అని ఎవరైనా అంటే అది పాతమాట. ఉప్పు సంగతికొస్తే మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలి అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంటే ప్రపంచ సగటు 10.8 గ్రాములు, అంటే డబుల్ కంటే ఎక్కువే. ఇన్ని దేశాల్లో ఇన్ని కోట్ల మంది అందరికీ ఒకేసారి నాలుక మీద అదుపు తప్పిందా? కాదు కదా, మన చుట్టూ దొరికేదే అలా తయారైంది. నేను మీటింగుల్లో ఎక్కువగా వాడేది ఈ ఒక్క పాయింటే.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. 2021లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన లెక్కలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య హై బీపీ ఉన్నవాళ్లు 128 కోట్ల మంది, వాళ్లలో 46 శాతం మందికి తమకి బీపీ ఉందనే తెలీదు, కంట్రోల్‌లో ఉన్నది ఐదుగురిలో ఒకరికి. బీపీ మందులేమో దశాబ్దాల పాతవి, చవకైనవి. అయినా అందట్లేదు అంటే లోపం మందులో లేదు, అవి చేరే దారిలో ఉంది.

ఫిన్లాండ్ కథ చెప్పకుండా ముందుకెళ్లలేను

పాలసీ అంటే పైనుంచి దిగేది, మనలాంటోళ్లు అడిగితే వచ్చేది కాదు అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెప్తా. 1960ల చివర్లో గుండెజబ్బుతో మగవాళ్లు చనిపోయే రేటు ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో ఫిన్లాండ్ ముందుంది, అందులోనూ తూర్పున ఉన్న నార్త్ కరేలియా మరీ ఘోరం, మంచి వయసులో ఉన్న మగవాళ్లు పొలంలోనో అడవిలోనో పనిచేస్తూ కూలిపోయేవాళ్లు. 1971 జనవరిలో ఆ ప్రాంత ప్రతినిధులు కలిసి సంతకాలు పెట్టి గవర్నమెంట్‌కి ఒక వినతిపత్రం ఇచ్చారు, మా వాళ్లు చనిపోతున్నారు ఏదో ఒకటి చెయ్యండి అని. అంటే మొదలైందే ఒక వినతిపత్రంతో. దానివల్లే 1972లో నార్త్ కరేలియా ప్రాజెక్ట్ మొదలైంది, దాన్ని నడిపించిన పెక్కా పుస్కా అప్పటికి ఇంకా ముప్పై నిండని కుర్ర డాక్టరు.

వాళ్లు ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు. గృహిణుల సంఘాలతో కలిసి వంటలు మార్చారు, ఫుడ్ కంపెనీలతో మాట్లాడారు. వెన్న, కొవ్వు పాలు తగ్గితే పాడిరైతులు నష్టపోతారు కదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాళ్లని విలన్లని చెయ్యకుండా బెర్రీ పళ్ల సాగు వైపు మారడానికి దారి చూపించారు. ఆ తర్వాత చట్టాలూ వచ్చాయి. 1976లో పొగాకు చట్టం చేశారు, 1993లో ఉప్పు ఎక్కువున్న ఆహారం మీద ఆ విషయం రాయాలని రూల్ పెట్టారు. నలభై ఏళ్లలో అక్కడ పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. పాడిరైతుల సంగతి మళ్లీ కింద చెప్తా, ఎందుకంటే ఎదుటివాళ్ల నష్టాన్ని ముందే ఆలోచించి వెళ్లడం అనేది నేను చూసినంతలో చాలామంది చెయ్యరు.

ఒక్కటే అడగండి, నిజంగా ఒక్కటే

ఇక్కడే మేం మొదట దెబ్బతిన్నాం. మా మొదటి వినతిపత్రంలో తొమ్మిది డిమాండ్లు ఉన్నాయి, పొగాకు టాక్స్ దగ్గర్నుంచి పార్కుల దాకా అన్నీ కలిపి రాసేశాం, మూడు పేజీలు వచ్చింది. ఆ ఆఫీసర్ ఓపిగ్గా మొత్తం చదివి "ఇందులో నా టేబుల్ మీద అయ్యేది ఏదో చెప్పండి" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పేం లేదు, ఆ తొమ్మిదిలో ఏడు ఆయన డిపార్ట్‌మెంట్‌వే కావు. ఆ రోజు నుంచి ఒక ఉత్తరంలో ఒక కోరిక, ఆ కోరిక తీర్చే అధికారం ఉన్న మనిషికే ఉత్తరం అని పెట్టుకున్నాం.

ఏది అడగాలో ఎంచుకోవడానికి లిస్టు మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, బాగా పనిచేసినవి అందరికీ తెలిసినవే ఉన్నాయి. పొగాకు మీద టాక్స్ పెంచడం, బహిరంగ ప్రదేశాల్లో, పనిచేసే చోట పొగ నిషేధం, ప్యాకెట్ ఆహారంలో ఉప్పుకి పరిమితి, ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడు కొవ్వు తీసేయడం, ప్యాకెట్ ముందువైపు వార్నింగ్ లేబుల్, తీపి కూల్‌డ్రింకుల మీద టాక్స్, గాలి కాలుష్యం తగ్గించడం, నడవడానికి సైకిల్ తొక్కడానికి సేఫ్ దారులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ చెక్ చేసి నెలకి సరిపడా మందు ఇవ్వడం. పొటాషియం కలిపి సోడియం తగ్గించిన ఉప్పు కూడా ఇప్పుడు ఈ లిస్టులోకి వచ్చింది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో చేసిన స్టడీ 2021లో బయటికొచ్చింది, మామూలు ఉప్పు బదులు ఆ ఉప్పు వాడినవాళ్లలో స్ట్రోకులు 14 శాతం తగ్గాయి. కాకపోతే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పొటాషియం ప్రమాదం, అందుకని అది అడిగేటప్పుడు ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక ఉండాలని కూడా కలిపే అడగాలి.

వీటిలోంచి ఎంచుకునేటప్పుడు నేను మూడు చూస్తా. దీనికి సంతకం పెట్టే మనిషి ఎవరో పేరు, పదవితో సహా చెప్పగలనా? ఇది జరిగిందో లేదో ఏడాది తర్వాత నేనే స్వయంగా కొలిచి చూసుకోగలనా? దీనికోసం వచ్చే రెండేళ్లు నాతో నిలబడేవాళ్లు కనీసం నలుగురైనా ఉన్నారా? మూడింటికీ అవును అయితేనే ఆ కోరిక. జాతీయ స్థాయి టాక్స్ లాంటి పెద్దవి అడగొద్దని కాదు, అవి అడిగేవాళ్లతో కలవండి, సొంతంగా మొదలుపెట్టేది మాత్రం చిన్నది పెట్టుకోండి. గవర్నమెంట్ హాస్పిటళ్లు, స్కూళ్లు, ఆఫీసుల క్యాంటీన్లకి కొనే ఆహారంలో ఉప్పు పరిమితి అనేది చాలా మంచి మొదటి కోరిక అని నా అభిప్రాయం, దానికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండర్‌లో ఒక షరతు చేరిస్తే చాలు.

ట్రాన్స్ ఫ్యాట్ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఎలా అడగాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. నూనెని గట్టిపరచడానికి కొంతవరకు హైడ్రోజనేట్ చేసినప్పుడు, అంటే దానికి హైడ్రోజన్ కలిపినప్పుడు ఈ కొవ్వు తయారవుతుంది, చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది మంచిది తగ్గిస్తుంది, శరీరానికి దీనివల్ల ఒక్క ఉపయోగం లేదు. డెన్మార్క్ 2003లోనే మొత్తం కొవ్వులో 100 గ్రాములకి 2 గ్రాములు మించకూడదు అని రూల్ పెట్టింది, జనానికి రుచిలో తేడా కూడా తెలీలేదు. 2018లో డబ్ల్యూహెచ్‌ఓ అన్ని దేశాల్నీ ఇది తీసేయమని పిలుపిచ్చింది, 2024 జనవరిలో డెన్మార్క్, లిథువేనియా, పోలండ్, సౌదీ అరేబియా, థాయ్‌లాండ్‌లకి తీసేసినందుకు గుర్తింపు కూడా ఇచ్చింది. ఇక్కడ కోరిక ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ఒకటి 2 శాతం పరిమితి, లేదంటే ఆ పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనెల్నే నిషేధించడం, రెండిట్లో ఏదో ఒకటి. మీ దేశంలో ఇప్పటికే రూల్ ఉంటే, అప్పుడు మీ కోరిక మారుతుంది, కొత్త రూల్ ఇవ్వండి అని కాకుండా ఏడాదికి ఎన్ని శాంపిళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేస్తున్నారు, ఫలితాలు బయట పెట్టండి అని అడగాలి. రూల్ ఉందో లేదో చూసుకోకుండా వెళ్లి "ఆల్రెడీ ఉంది" అనిపించుకుని వచ్చినవాళ్లని నేను చూశా, ఆ తర్వాత ఆ ఆఫీసులో వాళ్ల మాటకి విలువ ఉండదు.

ఎవరి చేతిలో ఏముందో కనుక్కోండి

అన్నీ ఆరోగ్య శాఖవే అనుకుంటాం, కావు. టాక్స్ అంటే ఆర్థిక శాఖ. ఉప్పు, ట్రాన్స్ ఫ్యాట్, లేబుల్ అంటే ఆహార భద్రత చూసే సంస్థ. ఫుట్‌పాత్, పొగ నిషేధం అమలు లాంటివి చాలాచోట్ల మున్సిపాలిటీ లేదా స్థానిక సంస్థ. మందుల స్టాక్ అయితే కొనుగోలు విభాగం, అక్కడ ఎస్టిమేట్ తప్పుగా వేస్తే ఆరోగ్య కేంద్రంలో నర్సు ఏం చెయ్యగలదు పాపం. కాబట్టి ముందు ఒక వారం ఇదే పని పెట్టుకోండి, ఆ శాఖ వెబ్‌సైట్ చూడండి, ఇలాంటి ఆర్డర్ ఇంతకుముందు ఎప్పుడైనా ఇచ్చారా, దాని మీద ఎవరి సంతకం ఉంది, దానికి ముందు ఏ కమిటీ కూర్చుంది అనేది వెతకండి. సమాచార హక్కు చట్టం లాంటిది మీ దగ్గర ఉంటే దాన్ని వాడండి, ప్రశ్న చిన్నగా, అంకెలు వచ్చేలా అడగండి. పాత ఆర్డర్ ఒకటి దొరికితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఆఫీసులో ఎవరైనా ముందు వెతికేది ఇంతకుముందు ఇలా చేశామా అనే.

ప్రజాప్రతినిధులు ఉంటారు కదా అంటారా, ఉంటారు, వాళ్లని కలవాలి కూడా, కానీ సభలో ప్రశ్న వేయించడానికి, ఫైల్ కదలనప్పుడు ఫోన్ చేయించడానికి. మొదటి మీటింగే వాళ్లతో పెట్టుకుంటే హామీ వస్తుంది, ఫోటో వస్తుంది, ఫైల్ మాత్రం ఓపెన్ అవ్వదు. ఇంకో మాట, మీరు గవర్నమెంట్ ఉద్యోగి అయినా, ఏదైనా ట్రస్టు తరఫున వెళ్తున్నా, అలా వెళ్లి అడగడానికి మీకున్న రూల్స్ ఏంటో ముందే చూసుకోండి.

మీ చేతిలో మీ సొంత లెక్క ఉండాలి

ప్రపంచ లెక్కలు ఎవరైనా చెప్తారు. మీరు స్వయంగా కొలిచి తెచ్చింది ఉంటే ఆఫీసర్ కుర్చీలో ముందుకి జరుగుతారు. ఇది కష్టం ఏం కాదు, ఉదాహరణకి ఉప్పు మీద అడగాలనుకుంటే మీ చుట్టుపక్కల ఎక్కువగా అమ్ముడుపోయే 50 ప్యాకెట్లు తీసుకోండి, వెనకాల సోడియం ఎంత రాశారో ఒక షీట్‌లో ఎక్కించండి. లేబుల్ మీద సోడియం అని ఉంటే దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది, అంటే 400 మిల్లీగ్రాముల సోడియం దాదాపు 1 గ్రాము ఉప్పుతో సమానం, రోజంతటికీ 2000 మిల్లీగ్రాముల సోడియం లోపు ఉండాలి. ఒక జాగ్రత్త ఏంటంటే కొన్ని లేబుళ్లు 100 గ్రాములకి రాస్తాయి, కొన్ని ఒక సర్వింగ్‌కి రాస్తాయి, ఆ సర్వింగ్ ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అన్నింటినీ 100 గ్రాముల లెక్కలోకి మార్చాకే పోల్చండి. ఒకే రకం సరుకులో తక్కువ ఉప్పు ఉన్న కంపెనీ, ఎక్కువ ఉప్పు ఉన్న కంపెనీ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలా పనిచేస్తుంది, ఎందుకంటే "ఇంతకంటే తగ్గిస్తే తయారవ్వదు" అనే మాటకి అదే జవాబు, పక్క కంపెనీ తయారుచేసి అమ్ముతోంది కదా. ఎంత పరిమితి అడగాలి అనేది కూడా మీ సొంతంగా ఊహించి రాయొద్దు, ఏ రకం ఆహారంలో సోడియం ఎంతలోపు ఉండాలో డబ్ల్యూహెచ్‌ఓ 2021లో విడివిడిగా ప్రకటించింది, అందులోంచి తీసుకోండి.

బీపీ మందుల మీద అయితే వరసగా మూడు నెలలు ఒకే రోజున నాలుగైదు ఆరోగ్య కేంద్రాలకి వెళ్లి, అక్కడి వాళ్లకి చెప్పి, ఆమ్లోడిపిన్ లాంటి ప్రధానమైన మందు ఉందా లేదా, ఒకసారికి ఎన్ని రోజులకి ఇస్తున్నారు, బీపీ మిషన్ పనిచేస్తోందా అని రాసుకోండి. అక్కడి స్టాఫ్ మీద కంప్లైంట్‌లా కాకుండా వాళ్లకి సపోర్ట్‌లా చెయ్యండి, నిజానికి మాకు ఎక్కువ సమాచారం ఇచ్చింది నర్సులూ ఫార్మసిస్టులే, వాళ్లు పైకి రాసి రాసి విసిగిపోయి ఉన్నారు. పేషెంట్ల పేర్లు మాత్రం ఎక్కడా రాయొద్దు.

ఉత్తరం ఒక పేజీ

ఒకే పేజీ, అది దాటితే కత్తిరించండి. మొదటి లైన్లోనే కోరిక ఉండాలి, చివర్లో కాదు. మనకి అలవాటు ఏంటంటే ముందు సమస్య గురించి రెండు పేరాలు, తర్వాత బాధ, తర్వాత దేశాల కథలు, ఆఖర్న "కావున తమరు తగు చర్యలు తీసుకోగలరు" అని. తగు చర్యలు అంటే ఏ చర్య? ఆ మాట ఉన్న ఉత్తరానికి "తగు చర్యలు తీసుకుంటాం" అనే జవాబే వస్తుంది, అక్కడితో ఫైల్ క్లోజ్. ఇలా రాయండి:

"ఆసుపత్రుల క్యాంటీన్లకు పిలవబోయే తర్వాతి టెండర్లో, కొనే ప్యాకెట్ ఆహారం డబ్ల్యూహెచ్‌ఓ ప్రకటించిన సోడియం పరిమితులకు లోబడి ఉండాలనే షరతు చేర్చవలసిందిగా కోరుతున్నాం. దీనిపై మీ నిర్ణయాన్ని ఫలానా తేదీలోగా తెలియజేయగలరు."

దాని కింద మూడు చిన్న పేరాలు చాలు. మీరు కొలిచిన లెక్క ఒకటి, ఇది వేరేచోట పనిచేసింది అనేదానికి ఒక్క ఉదాహరణ, దీనికి ఖర్చు ఎంత లేదా ఖర్చేం లేదు అనేది ఒకటి. కింద సంతకాలు, అందులో కనీసం ఒక డాక్టరు, ఈ జబ్బుతో బతికి బయటపడ్డ ఒక మనిషి ఉండేలా చూడండి. ఇన్వర్డ్ నంబర్, అంటే ఉత్తరం అందిందని ఆఫీసు రిజిస్టర్‌లో ఎక్కించే నంబర్, తీసుకోకుండా ఆఫీసు నుంచి బయటికి రావద్దు, ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆర్నెల్ల తర్వాత మాట్లాడటానికి మీ దగ్గర ఉండేది ఆ నంబర్ ఒక్కటే.

మీటింగ్

పది నిమిషాలు దొరుకుతుంది అనుకుని వెళ్లండి. ముగ్గురు చాలు, స్ట్రోక్ వచ్చి కోలుకున్న మనిషో వాళ్ల ఇంట్లోవాళ్లో ఒకరు, ఒక డాక్టరో నర్సో, నోట్స్ రాసుకోవడానికి ఒకరు. అనుభవించిన మనిషి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. మా నాన్న ఒకసారి వచ్చారు, మాట ఇంకా సరిగ్గా తిరగదు ఆయనకి, ఎడమచేత్తో సంతకం పెట్టడం నేర్చుకున్నానండీ అని మాత్రం చెప్పారు, ఆ గదిలో ఆ తర్వాత ఎవరూ వాచీ చూసుకోలేదు. అయితే ఎవర్నీ బలవంతంగా తీసుకెళ్లొద్దు, వాళ్లు ఏం చెప్పాలనుకుంటున్నారో అదే చెప్పనివ్వండి, ఫోటో పెట్టాలంటే అడిగి పెట్టండి.

చివర్లో తప్పకుండా ఒక ప్రశ్న అడగండి, "ఇది ముందుకెళ్లడానికి మీకు మా దగ్గర్నుంచి ఏం కావాలి?" అని. చాలాసార్లు వాళ్లకి ఇష్టమే ఉంటుంది, ఒక డేటా కాగితమో వేరే శాఖ నుంచి ఒక లెటరో లేక ఆగిపోయి ఉంటుంది. ఇంటికొచ్చాక అదే రోజు, వాళ్లు ఏం ఒప్పుకున్నారో తేదీలతో సహా రాసి థాంక్స్ చెప్తూ మెయిల్ పంపండి, నోటిమాట కాగితం మీదికి వచ్చేది అప్పుడే.

ఎదురొచ్చే మాటలు, మీరు చెప్పాల్సినవి

"కంపెనీలు వాటంతట అవే తగ్గిస్తాయి, రూల్ ఎందుకు" అంటారు. బ్రిటన్‌లో గవర్నమెంట్ గట్టిగా టార్గెట్లు పెట్టి వెంటపడినప్పుడు, 2000 ప్రాంతంలో రోజుకి 9.5 గ్రాములున్న సగటు ఉప్పు 2011కి 8.1 గ్రాములకి వచ్చింది, చట్టం లేకుండానే, నిజమే. కానీ ఆ తర్వాత ఆ వెంటపడటం తగ్గి బాధ్యత కంపెనీల చేతిలో పెట్టాక ఆ ఊపు నిలబడలేదు. సౌత్ ఆఫ్రికా 2013లో చట్టబద్ధంగా ఉప్పు పరిమితులు ప్రకటించి, కంపెనీలకి టైమిచ్చి, 2016 నుంచి అమల్లోకి తెచ్చింది. నా ఉద్దేశంలో రూల్ అందరికీ ఒకటే ఉంటే మంచి కంపెనీకే లాభం, తను తగ్గించినందుకు పక్కవాడికి కస్టమర్లని పోగొట్టుకోదు.

"టాక్స్ వేస్తే పేదోళ్ల మీద భారం" అనేది ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అడిగేవాళ్లలో నిజంగా బాధతో అడిగేవాళ్లూ ఉంటారు. పొగాకు ధర 10 శాతం పెరిగితే వాడకం ధనిక దేశాల్లో దాదాపు 4 శాతం, మిగతా దేశాల్లో 5 శాతం దాకా తగ్గుతుందని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, మానేసేవాళ్లలో ముందుండేది కూడా తక్కువ సంపాదన ఉన్నవాళ్లూ, కుర్రాళ్లే. స్ట్రోక్ వచ్చి ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే ఆ ఇంటి మీద పడే భారం ఎంతో, మా ఇంట్లో చూశా. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం టాక్సులు పెంచుతూ చట్టం చేసి ఆ డబ్బులో పెద్ద భాగం పేదల ఆరోగ్య బీమాకీ వైద్యానికీ వాడేలా రాసుకుంది. మీరు టాక్స్ అడిగితే ఆ డబ్బు ఎక్కడికి వెళ్లాలో కూడా అదే ఉత్తరంలో అడగండి.

"టాక్స్ వల్ల ఏమీ మారదు" అంటే, మెక్సికో 2014లో తీపి డ్రింకుల మీద లీటరుకి 1 పెసో టాక్స్ వేస్తే మొదటి ఏడాదే కొనుగోళ్లు సగటున 6 శాతం దాకా తగ్గాయి. బ్రిటన్ ఇంకో తెలివైన పని చేసింది, 2016లో ప్రకటించి 2018లో అమలు పెట్టింది, అదీ పంచదార ఎంత ఉంటే అంత స్లాబ్ పద్ధతిలో, ఆ రెండేళ్లలో చాలా కంపెనీలు టాక్స్ తప్పించుకోవడానికి పంచదారే తగ్గించేశాయి. కొనేవాళ్లు ఏమీ మార్చుకోకుండానే తాగే పంచదార తగ్గింది.

"ఉద్యోగాలు పోతాయి, రైతులు నష్టపోతారు" అన్నప్పుడు నార్త్ కరేలియా పాడిరైతులు గుర్తుకు తెచ్చుకోండి. అది అబద్ధం అని కొట్టిపారేయకుండా, ఎవరికి నష్టం వస్తుందో ఒప్పుకుని, వాళ్లకి టైమూ, మారడానికి దారీ కూడా అడగండి. నిజంగా చిన్నవాళ్లు ఎవరు, వాళ్ల వెనకాల దాక్కుని మాట్లాడే పెద్దవాళ్లు ఎవరు అనేది కూడా అప్పుడే తేలిపోతుంది.

పొగాకు కంపెనీల విషయం పూర్తిగా వేరు. 2003లో ఆమోదించిన, 2005 నుంచి అమల్లో ఉన్న పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒప్పందంలో ఆర్టికల్ 5.3 అని ఉంది, పొగాకు పాలసీలు చేసేటప్పుడు ఆ పరిశ్రమ ప్రయోజనాల నుంచి వాటిని కాపాడాలి అని గవర్నమెంట్లే ఒప్పుకున్నాయి. మీ దేశం అందులో ఉంటే, కమిటీలో పొగాకు కంపెనీ మనిషి కూర్చున్నప్పుడు ఈ ఆర్టికల్ పేరు చెప్పి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. ఇంకా ముఖ్యమైనది, మీ గ్రూప్ ఏ కంపెనీ దగ్గరా డబ్బు తీసుకోకూడదు, మీటింగ్ హాల్ అద్దె అయినా, బ్యానర్ ఖర్చు అయినా సరే. ఒక్కసారి తీసుకుంటే ఇన్నాళ్లు కష్టపడి సంపాదించిన నమ్మకం పోతుంది.

డ్రాఫ్ట్ రూల్స్ వచ్చినప్పుడు

ఇది చాలామంది వదిలేసే అవకాశం. రూల్ ఫైనల్ చేసే ముందు చాలా దేశాల్లో డ్రాఫ్ట్ పెట్టి అభిప్రాయాలు అడుగుతారు, గడువు కొన్ని వారాలే ఉంటుంది, కంపెనీల లాయర్లు ప్రతి లైనూ చదువుతారు, మన వైపు నుంచి మాత్రం "చాలా మంచి నిర్ణయం" అని రెండు మెయిళ్లు వెళ్తాయి. అలా కాదు, ఫలానా క్లాజ్‌లో ఫలానా మాట తీసేసి ఈ మాట పెట్టండి, కారణం ఇది అని రాయండి. ముఖ్యంగా నాలుగు చోట్ల చూడండి. "చేయవచ్చు" అని ఉందా "చేయాలి" అని ఉందా, ఈ ఒక్క మాటతో రూల్ కాస్తా సలహా అయిపోతుంది. నిర్వచనాల్లో ఏ ఆహారం బయటికి జారిపోయింది, మినహాయింపులు ఎవరికిచ్చారు, అమలు తేదీ ఎంత దూరం ఉంది. లేబుల్ రూల్ అయితే బొమ్మ సైజు, రంగు, ముందువైపు ఉండాలా అనేది కూడా. చిలీ 2016లో పెట్టింది నల్లటి ఎనిమిది పలకల గుర్తు, అందులో "ఎక్కువ ఉంది" అని సూటిగా ఉంటుంది, చదవడం అంతగా రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. వెనకాల చిన్న అక్షరాల్లో అంకెలు రాస్తే ఆ పని అవ్వదు.

పేపర్లు, టీవీల గురించి రెండు మాటలు. వాళ్లకి కబురు పెట్టడానికి ఒక సందర్భం కావాలి, మే 17 బీపీ దినం, మే 31 పొగాకు వ్యతిరేక దినం, సెప్టెంబర్ 29 హార్ట్ డే, అక్టోబర్ 29 స్ట్రోక్ డే, వీటికి పది రోజుల ముందే మీ 50 ప్యాకెట్ల లెక్క ఇవ్వండి. మీకు సాయం చేస్తున్న ఆఫీసర్ని పేపర్లో ఇరికించే పని మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు.

ఆర్డర్ వచ్చాక

స్వీట్లు పంచుకోండి, తప్పేం లేదు, మేమూ పంచుకున్నాం, మా క్యాంటీన్ షరతు ఆర్డర్ రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. కానీ ఆర్డర్ కాగితం చేతికొచ్చిన రోజే క్యాలెండర్‌లో మూడు తేదీలు రాసుకోండి, అమలు మొదలయ్యే రోజు, దానికి ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత. ఆ రోజుల్లో మళ్లీ అదే షీట్ తీసి, అవే షాపులకో క్యాంటీన్లకో వెళ్లి, అవే ప్యాకెట్లు కొని, సోడియం కాలమ్ పక్కన కొత్త కాలమ్ పెట్టి అంకెలు ఎక్కించండి. తగ్గిందా, ఆ ఆఫీసర్‌కి పంపించి థాంక్స్ చెప్పండి, అదే షీట్‌తో పక్క డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. తగ్గలేదా, పాత ఇన్వర్డ్ నంబర్, ఆర్డర్ నంబర్, కొత్త కాలమ్, ఈ మూడూ పెట్టి ఇంకో ఒక పేజీ ఉత్తరం రాయండి.